ఉస్తాదు చూడని లైను

మా ఉస్తాదు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నమాజు చేసుకుని వచ్చి, గడప దగ్గర కూర్చుని టీ గ్లాసు చేతికి తీసుకున్నారట. సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నారట. అంతే. ఈ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది ఆయన భార్య. మేమందరం ఆమెను బూబమ్మ అంటాం. "మీ ఉస్తాదు లేడు పాపా" అని ఒక్క మాట అని, ఫోను ఇంకెవరి చేతికో ఇచ్చేసింది.

ఆ వేళకు నేను బెళుగుప్ప దారిలో ఒక పాలకేంద్రం మిద్దె మీద ఉన్నాను. సోలార్ ప్లేట్లకు కేబులు లాగుతున్నాను. ఒక చేతిలో ఎర్ర వైరు, ఇంకో చేతిలో ఫోను. మీకు నిజమే చెబుతాను. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. అప్పటిదాకా మామూలుగా పట్టుకున్న వైరును వదిలేశాను. ఆరేళ్లుగా నేను వేసిన ఏ లైనుకూ ఆయన కంటితో చూడకుండా స్విచ్ వేసింది లేదు. ఇక దీన్ని ఎవరు చూస్తారు? కిందికి దిగి, పాలకేంద్రం వాళ్లకు విషయం చెప్పి, పని ఎక్కడిదక్కడ ఆపేసి ఉరవకొండ బస్సెక్కాను.

బస్సులో కూర్చున్నాక రెండో భయం పైకి లేచింది. అది కొత్తది కాదు, అయిదేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నదే. నేను వేసిన అన్ని లైన్లూ ఆయన చూశారని పై పేరాలో రాశాను కదా, అది అబద్ధం. ఒకటి చూడలేదు. నేనే చూపించలేదు. ఆయన బతికి ఉండగా ఒప్పుకోలేకపోయిన ఆ తప్పును ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఆయన గురించి ముందు కొంచెం చెప్పాలి. ఉరవకొండ చుట్టుపక్కల మోటర్లకు, ఇళ్లకు వైరింగు చేస్తూ జుట్టు నెరిసిన మనిషి. ఇక కూర్చుని తిందామనుకునే వయసులో సోలార్ వచ్చింది. ఆయన కళ్లద్దాలు మార్పించుకుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, సర్టిఫికెట్ పట్టుకుని ఊరంతా తిరిగాను. ఆడపిల్ల మిద్దెలెక్కి వైర్లు లాగుతుందా అని అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఒకటే అడిగారు.

"నీకు కరెంటంటే భయముండాదా?"

"లేదు సార్" అన్నాను, గొప్పగా.

"అయితే పో. భయమొచ్చినాక రా."

వారం తర్వాత మళ్లీ వెళ్లి నిలబడ్డాను. "ఇప్పుడు భయమేస్తాంది ఉస్తాద్."

"దేనికి?"

"మీరు మళ్లీ పొమ్మంటారని."

అప్పుడు నవ్వారు. పనిముట్ల సంచి తీసి నా భుజానికి తగిలించారు. నాకు నిజమైన భయం నేర్పింది మాత్రం ఆ మరుసటి రోజు. ఆయన ఇంటి వెనక పెరట్లో పాత ప్లేట్లు కొన్ని వరసగా కలిపి పెట్టి, వాటిలో కరెంటు పారుతుండగానే వైర్లను పొడుగాటి కట్టెతో మెల్లగా విడదీసి చూపించారు. రెండు కొనల మధ్య మంట పుట్టింది. ఇళ్లలో స్విచ్ దగ్గర చిటుక్కుమనే మంట కాదది. కొనలు దూరం జరిగేకొద్దీ పాకం తీగ సాగినట్టు సాగింది. ఆరలేదు. నేను గోడ దాకా వెనక్కి వెళ్లిపోయాను. ఆయన ప్లేట్ల మీద గొర్రెల కాపరులు కప్పుకునే నల్ల కంబళ్లు పరిచారు. అప్పుడు ఆరింది.

"ఇంటి కరెంటు సెకనుకు నూరుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటాది పాపా. ఆ సందులో మంట ఆరిపోతాది. దీనికి ఊపిరి తీసుకునే పని లేదు. ఎండ ఉన్నంతసేపూ వస్తానే ఉంటాది. నువ్వు ఈడ ఏ స్విచ్ ఆపినా, ప్లేటు కాడ్నించి స్విచ్ దాకా వైరు బతికే ఉంటాది. సూర్యునికి స్విచ్ లేదు."

అందుకే ఆయనకు కేబులంటే అంత పట్టింపు. మిగతా సామాను ఎవరు తెచ్చినా ఊరుకునేవారు. కేబులు మాత్రం ఆయనే కొనాలి. దుకాణంలో చుట్ట విప్పించి, కొస కత్తితో ఒలిచి, లోపలి సన్న తీగల్లో ఒకదాన్ని గోటి మీద పెట్టి గీకేవారు. పైన తెల్లటి తగరం పూత పోయి కింద ఎర్రగా రాగి కనబడాలి. ఎంత గీకినా తెల్లగానే ఉంటే అది అల్యూమినియం, చుట్ట వెనక్కి పోవాల్సిందే. తర్వాత పై తొడుగు చూసేవారు. ఒకటి కాదు, రెండు పొరలుండాలి. ఎండకు ఓర్చేదని దాని మీద అచ్చు వేసి ఉండాలి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కేబులు ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని ఆ అక్షరాలు చదువుతుంటే దుకాణదారు ఊరుకోలేకపోయేవాడు.

"ఏమప్పా ఉస్తాద్, పెండ్లికూతుర్ని చూసినట్ల చూస్తాండావే!"

"పెండ్లికూతురైతే ఇంత చూడన్లే. ఇది ఇరవై అయిదేండ్లు ఎండలో కాపరం చేయల్ల."

లావు విషయంలోనూ అంతే. ప్లేట్ల నుంచి మోటరును నడిపే కంట్రోలర్ పెట్టె దాకా అడుగులేసి కొలిచేవారు. దూరమైతే ఇంకా లావు కేబులు కావాలనేవారు. ఇంత లావెందుకని రైతు గొణిగితే డ్రిప్పు పైపు చూపించేవారు. "సన్న పైపులో నీళ్లు దూరం పంపితే కొసాకు ఏమొస్తాది? చుక్కలు. కరెంటూ అంతే. పైగా నీళ్లు పైపును కాల్చవు, ఇది కాలుస్తాది." ఆ మాటతో రైతు మెత్తబడేవాడు. నీళ్ల లెక్క మా వైపు వాళ్లకు ఎవరూ వేరే నేర్పక్కర్లేదు.

రైతులతో ఆయన అసలు కొట్లాట వేరే ఉంది. అది మా సీమవాళ్లకే అర్థమవుతుంది. మా దగ్గర బోరు ఎండిపోతే మోటరు పైకి లాగుతారు. పైపులు అమ్ముతారు. మోటరు దాచుకుంటారు. మోటరుతో పాటు ఆరేడు వందల అడుగుల లోపలికి దిగిన ఆ కేబులును మాత్రం చుట్ట చుట్టి అటక మీద పెడతారు, ఇంకో బోరు పడకపోతుందా అని. రెండు బోర్లు పోతే రెండు చుట్టలు, మూడు పోతే మూడు. సోలార్ పెట్టించుకునేటప్పుడు ప్రతి రైతూ అనే మొదటి మాట ఇదే: "కేబులు కొనేదెందుకు? మా ఇంట్లో ఉండాది గదా!"

ఉస్తాదు చుట్టను కాలితో పక్కకు తోసేవారు. "ఇది చీకట్లో, నీళ్లలో బతికిండేది. దీనికి ఎండంటే తెలీదు. చేపను మిద్దె మీద ఆరేసి ఈత కొట్టమంటే కొడ్తాదా? రెండు ఎండాకాలాలకు తోలు పగుల్తాది. అదీగాక లాగేటప్పుడు యాడ గీసుకున్నెదో, యాడ అతుకు ఉండాదో నీకు తెల్సునా? అతుకంటే పుండు. ఎంత కట్టు కట్టినా పుండే."

ఇదంతా నా చెవులతో విన్నాను. విని, ఒక ఏడాది కూడా గడవకముందే అదే పని చేశాను.

మా అన్నది బెళుగుప్పకు అవతల మెట్ట చేను. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది చేనులోని కొట్టం పక్కన పడింది. ప్లేట్లు మాత్రం పాత బోరు దగ్గర, అవతలి గట్టు మీద ఉన్నాయి. దొంగల భయానికి కంట్రోలర్ పెట్టెను కొట్టంలోకి మార్చాలన్నాడు అన్న. అంటే ప్లేట్ల నుంచి కొట్టం దాకా కొత్తగా కేబులు లాగాలి. శెనక్కాయ ఊడలు దిగే టైము. ఇంకో నాలుగు రోజులు తడి లేకపోతే పంట చేతికి రాదు. అన్న చచ్చిన బోర్ల కేబులు చుట్ట భుజానేసుకుని వచ్చి నా ముందర పడేశాడు.

"బోర్లు ఎట్లా ముంచె. ఈ కేబులన్నా పనికి రానీ మ్మే."

వద్దనాల్సింది నేను. అన్న ముఖం చూసి అనలేకపోయాను. మూడు ముక్కలు అతికి, టేపు చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్కలు కట్టాను. కేబులు కొట్టం చూరు మీదుగా, పశువుల మేతకు దాచిన ఎండు శెనక్కాయ కట్టె వామిని రాసుకుంటూ పోయింది. కొట్టం లోపల దూలానికి అన్న కూతురి ఉయ్యాల కట్టి ఉంది. వదిన పని చేసుకుంటూ పసిదాన్ని పగలంతా అందులో పడుకోబెట్టేది. నేను వేసిన కేబులు సరిగ్గా ఆ ఉయ్యాల పైనుంచి పోయింది. స్విచ్ నేనే వేశాను. నీళ్లొచ్చాయి. అన్న కేక పెట్టాడు, వదిన కోడి కోసింది. నాకు ముద్ద దిగలేదు.

పంట రాగానే మార్చేద్దామనుకున్నాను. ఆ ఏడు వాన మోసం చేసింది, పంట అంతంతమాత్రం. కొత్త కేబులు కొనమని అన్నను ఏ నోటితో అడగను? అడగాలంటే, నీ బిడ్డ నెత్తి మీద నేనే చావును వేలాడగట్టానని చెప్పాలి. ఉస్తాదుకు చెబుదామంటే ఆయన మొదటి రోజే అన్న మాట ఒకటి ఉంది. "నేను చూడకముందు నువ్వు స్విచ్ వేసినావంటే, ఆ దినం నుంచి నా సంచి ముట్టద్దు." ఆ సంచి పోతే నాకు బతుకే లేదనిపించేది. అక్కడ బిడ్డ, ఇక్కడ సంచి. నేను సంచిని పట్టుకున్నాను. దీనికి ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

అప్పటి నుంచి మార్చి నెల మొదలైతే చాలు, అన్న పేరుతో ఫోను మోగిందంటే ఎత్తడానికే భయపడేదాన్ని. ఒకసారి పాపకు పన్ను వచ్చిందని చెప్పడానికి చేశాడు. ఆ మాట వినేలోపే నేను నడిరోడ్డు మీద కూలబడ్డాను. కట్టె వామి ఎంతసేపట్లో కాలుతుందో నాకు తెలుసు. ఎండ ఉన్నంతసేపూ ఆ మంటకు తిండి అందుతూనే ఉంటుందని కూడా తెలుసు, అది నేర్పిన మనిషి పక్కనే రోజూ పని చేస్తున్నాను కనుక. ఊరికి వెళ్లినా చేనికి వెళ్లేదాన్ని కాదు. ఏదో సాకు చెప్పేదాన్ని. "మోటరు ఎట్లుండాది?" అని అడిగితే అన్న "పోస్తాండాది" అనేవాడు. అంతకు మించి అడగడానికి నోరు వచ్చేది కాదు.

తర్వాతి ఎండాకాలంలో ఒకరోజు బస్టాండు టీ కొట్టు దగ్గర ఉన్నాం. ఎక్కడో కట్టె వామి తగలబడిందని ఎవరో మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పకుండానే ఎక్కడ విన్నారో, ఉస్తాదు టీలో బిస్కెట్టు ముంచుతూ ఉన్నట్టుండి అడిగారు.

"మీ అన్న కాడ ఏ కేబులు ఏసినావు పాపా?"

"మంచిదే ఉస్తాద్."

ఆయన నా వైపు చూశారు. బిస్కెట్టు నాని, విరిగి గ్లాసులో పడింది. అట్లాగే తాగేశారు. "మంచిదైతే మంచిదే" అన్నారు. ఆ కేబులు మాట గానీ, సంచి ముట్టద్దన్న మాట గానీ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ మనిషి లేరు. నేను వెళ్లేసరికి ఇంటి ముందు సందంతా జనం. ఆయనను తీసుకుపోయేటప్పుడు ఆడవాళ్లందరితో పాటు గోడ పక్కన నిలబడ్డాను. బూబమ్మ నా చెయ్యి పట్టుకుని, "రాత్రి గూడ నీ పనే మాట్లాడినాడు పాపా. పాలకేంద్రం కాడ ఆ పాప ఎట్లా లాగిందో, రేపు పోయి చూడల్ల అన్యాడు" అంది. నేను అబద్ధం చెప్పిన మనిషి, చివరి రాత్రి కూడా నా లైను గురించే ఆలోచించారు.

మూడో రోజు తెల్లవారుజామున ఫాతిహా ప్రార్థన అయిపోయాక ఇంకేం ఆలోచించలేదు. దుకాణానికి వెళ్లి మంచి కేబులు చుట్టలు, ఎర్రదొకటి నల్లదొకటి, తీసుకుని, నేరుగా అన్న చేనికి వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాను. అన్న చేనులోనే ఉన్నాడు.

"ఏమ్మే, చెప్పకుండా వచ్చినావే?"

"అన్నా, నీకు నేను చెడ్డ పని చేసినా. మోటరు ఆపు. కంబళ్లు ఎన్ని ఉంటే అన్ని తే."

"ఏమాయె నీకు?"

నేరుగా కొట్టం దగ్గరికి నడిచాను. తలెత్తి చూరు చూశాను. కేబులు లేదు. లోపల చూశాను. దూలం బోడిగా ఉంది, పెట్టె కూడా లేదు. బయటికొచ్చి ప్లేట్ల వైపు చూశాను. ఎర్రది ఒకటి, నల్లది ఒకటి, లావాటి కేబుళ్లు పైపులో దూరి, కొట్టానికీ వామికీ ఎంతో ఎడంగా, కంచె రాళ్ల వెంబడి చుట్టు తిరిగి పోతున్నాయి. కనబడినంత మేర ఎక్కడా అతుకు లేదు. కంట్రోలర్ పెట్టె కొట్టానికి అవతల, బండరాళ్లతో కట్టిన చిన్న గూట్లో ఉంది. ఆ గూడు కట్టిన తీరు చూడగానే చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది.

"ఆయనే పోయినాక ఇంగ దాచేదేముండాది" అన్నాడు అన్న. "నాలుగేండ్లాయె. మీ ఉస్తాదు ఒక్కడే బండి మీద కేబులు ఏసుకోని వచ్చినాడు. పొద్దు గూకేదాకా ఎండలో లాగినాడు. నన్ను తిట్టిన తిట్లు మన నాయన గూడ తిట్టింటే ఒట్టు."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్పొద్దని నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు ఏయించుకున్యాడు. నేనడిగినా, ఎందుకప్పా, చెప్తే ఆ యమ్మికి మనసు నిమ్మళమైతాది గదా అని. 'నిమ్మళమొద్దు. ఆ పాపకు ఆ భయం ఉండనీ. రేపు నేను లేనప్పుడు మిద్దె మీద దాని పక్కన నిలబడేది ఆ భయమొక్కటే' అన్యాడు."

అప్పుడు ఏడ్చాను. మూడు రోజులుగా రాని ఏడుపంతా అక్కడ వచ్చింది. ఏడుస్తూనే ఆయనను తిట్టాను. నాలుగు ఎండాకాలాలు! నేను ఫోను మోగితే చచ్చిపోతుంటే, ఎదురుగా కూర్చుని టీ తాగారే! ఒక్కసారి, ఒకే ఒక్కసారి "మార్చేసినాలే పాపా" అంటే ఏం పోయేది? మరునిమిషంలోనే, అట్లా అని ఉంటే ఆ తర్వాత నేను వేసిన లైన్లు ఎట్లా ఉండేవో ఆలోచించి నోరు మూసుకున్నాను. ఉయ్యాలలోని ఆ పసిది ఇప్పుడు ఒకటో తరగతి. నేను ఏడుస్తుంటే కంచె దగ్గర నిలబడి వింతగా చూస్తోంది.

"ఇంగ భయం లేదు గదా. రా, అన్నం తిందువు" అన్నాడు అన్న.

వెళ్లబోయాను. మళ్లీ ఆగాను. ఆరేళ్లు నా పని ఆయన చూశారు, ఆయన పని నేను ఎన్నడూ చూడలేదు. అన్నతో మోటరు ఆపించి, ప్లేట్ల మీద కంబళ్లు కప్పించి, గట్టు దగ్గర నుంచి ఒక్కో రాయీ చూసుకుంటూ నడిచాను. అంతా ఆయనలాగే గట్టిగా ఉంది. గూటికి కొంచెం దూరంలో ఒక రాతి దగ్గర మాత్రం పైపును పట్టి ఉంచే బిగింపు ఊడిపోయి ఉంది. నాలుగేళ్ల గాలికి పైపు పక్కకు జరిగి, దాని జాయింటు విడిపోయి, కేబులు బయటపడి, రాతి అంచుకు రాసుకుంటోంది. పై పొర తెగిపోయింది. లోపలి పొర మీద కూడా గీత పడింది.

చప్పున వెనక్కి తిరిగాను, ఉస్తాద్ అని పిలవడానికి. ఎవరున్నారు?

దెబ్బ తిన్న ముక్క ఒక్కటే మార్చి అతకడం ఆయన నాకు నేర్పలేదు. తెచ్చిన చుట్టలు విప్పి, ప్లేట్ల నుంచి గూటి దాకా ఎర్రదీ నల్లదీ మొత్తం కొత్తగా లాగాను. ఆ రాతి అంచును సుత్తితో నున్నగా కొట్టాను. అన్నకు నా తిక్క అర్థం కాలేదు కానీ పైపులు పట్టుకున్నాడు. అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కంబళ్లు తీశాం. పెట్టె ముందు నిలబడి, స్విచ్ మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ రాళ్ల వెంబడి ఒకసారి నడిచి వచ్చాను. భయంతోనే వేశాను.

నీళ్లొచ్చాయి. వదిన గిన్నెలో సంగటి పెట్టుకుని చేనికే తెచ్చింది. కొట్టంలో నీడన కూర్చుని తినమంది. వద్దన్నాను. అక్కడే, ఆ రాతి పక్కనే కూర్చుని తిన్నాను.

"చేసినావు గదమ్మా, ఇంగ ఇంటికి పోదాం రా" అంది.

"ఎండ పోనీ వదినా."

ఆమె పాపను తీసుకుని వెళ్లింది. అన్న పారే నీళ్లకు మడవలు మార్చుకుంటున్నాడు. నేను కేబులు వైపే చూస్తూ కూర్చున్నాను. పొద్దు గుట్టల మీదికి వాలింది. ఒక్కొక్క ప్లేటు మీదా వెలుగు తగ్గుతూ వచ్చింది. మడిలో పైపు నుంచి దూకే నీళ్లు సన్నబడ్డాయి, ఇంకా సన్నబడి, పైపు మూతి నుంచి చుక్కలు చుక్కలుగా పడి, ఆగిపోయాయి. అప్పుడు లేచాను.